ట్యాంకు చూసి కాదు, సీటు చూసి కొనండి

రెండు, రెండున్నర లక్షలు చేతిలో పెట్టుకుని మోటార్‌సైకిల్ కొనబోయే మనిషికి ఇవాళ రెండు కాలాలు ఎదురవుతాయి. ఒక షోరూములో గుండ్రటి హెడ్‌లైటు, నున్నటి ట్యాంకు మీద సన్నటి బంగారు గీత, మెరిసే సైలెన్సరు, వెడల్పాటి సీటు. రోడ్డుకు అవతల ఇంకో షోరూములో మొనదేలిన అంచులు, బయటికి కనబడే నారింజ రంగు ఫ్రేము, సెల్‌ఫోను అంటించినట్టున్న డిస్‌ప్లే, ఎగరబోయే మిడతలా వెనక భాగం పైకి లేచిన ఒళ్లు. మొదటిది రెట్రో, రెండోది మోడర్న్. మొదటిదాన్ని మనసుతో కొంటారనీ, రెండోదాన్ని బుద్ధితో కొంటారనీ మనవాళ్లలో స్థిరపడిన మాట. ఈ మాట తలకిందులుగా ఉందని నా వాదన. రెట్రో బండి ఇంతగా అమ్ముడుపోవడానికి పాత జ్ఞాపకాలు పెద్ద కారణం కాదు. ఇద్దరు మనుషులు మామూలు రోడ్డు మీద మామూలు వేగంతో పోవడానికి కావలసిన కొలతలు ఆ రూపంలో చెక్కుచెదరకుండా మిగిలాయి. కొనేవాడు లెక్క చూడాల్సింది ఆ కొలతలనే. బండి ఏ కాలం వేషం వేసుకుందన్నది ఆ తర్వాతి సంగతి.

వేషం అన్నది ఊరికే కాదు. బుల్లెట్ అన్న పేరు 1932 నుంచీ ఉంది. 1955లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మద్రాస్ మోటార్స్‌తో చేతులు కలిపాక అది తిరువొత్తియూరులో తయారవడం మొదలైంది. ఆ పాత బుల్లెట్‌ను లేపడం ఒక తతంగం. ఆమీటరు ముల్లును చూస్తూ కిక్కరును మెల్లగా కిందికి నొక్కాలి, ముల్లు మధ్యకు రాగానే డీకంప్రెషన్ లివరు పట్టుకుని ఇంకాస్త నొక్కాలి, లివరు వదిలి ఒంటి బరువంతా కాలి మీద వేసి ఒక్క తన్ను తన్నాలి. లెక్క తప్పితే కిక్కరే తిరిగి తన్నేది. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. అదే కంపెనీ అమ్మే ఇవాళ్టి క్లాసిక్ 350లో వీటిలో ఒక్కటీ లేదు. 2021లో వచ్చిన ఈ తరానికి కిక్కరు కూడా లేదు. బటన్ నొక్కితే లేస్తుంది. ఇంధనాన్ని కార్బురేటరు కాక కంప్యూటరు కొలిచి పోస్తుంది, వణుకు తగ్గించడానికి లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ తిరుగుతుంది. ట్రయంఫ్ స్పీడ్ 400 సంగతి ఇంకా తమాషా. సిలిండరు మీద గాలితో చల్లబడే పాత కాలపు ఇంజిన్లకు ఉన్నట్టే ఫిన్లు ఉంటాయి, దాన్ని చల్లబరిచే పని మాత్రం ముందున్న రేడియేటరుది. గుండ్రటి లైటు పెట్టుకున్న ఆ ట్రయంఫ్, కత్తిలా కనబడే కేటీఎం 390 డ్యూక్ రెండూ పుణె దగ్గరి చాకన్‌లో బజాజ్ చేతుల్లోనే తయారవుతాయి. ఇంజిన్లు వేరైనా రెండింటి సిలిండరు కొలతలు ఒకటే: 89 మిల్లీమీటర్ల వెడల్పు, 64 మిల్లీమీటర్ల స్ట్రోకు. 2018లో తిరిగొచ్చిన జావా కూడా రేడియేటరుతోనే వచ్చింది. అంచేత పాతదా కొత్తదా అని అడిగితే షోరూములో ఎవరూ నిజం చెప్పలేరు. అన్నీ కొత్తవే.

మరి జనం వాటి వెంట పడుతున్నది జ్ఞాపకం కోసమేనా? రాయల్ ఎన్‌ఫీల్డ్ 2010లో ఏడాది మొత్తం మీద అమ్మింది 50 వేల చిల్లర బండ్లు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో అది 10 లక్షలు దాటింది, అందులో సింహభాగం 350 సీసీ బండ్లే. కొంటున్నవాళ్లలో చాలామంది ఇరవైలలో, ముప్ఫైలలో ఉన్నవాళ్లు. వాళ్లు బండి నడిపే వయసుకు వచ్చేసరికి ఆ కుడికాలి గేర్ల బుల్లెట్ ఆఖరి రోజుల్లో ఉంది, లేదా ఆగిపోయింది. లేని జ్ఞాపకాన్ని పది లక్షల మంది డబ్బిచ్చి కొనుక్కుంటున్నారనడం నమ్మేలా లేదు. ఇలాంటిదే జపాన్‌లో ముందే జరిగింది. అక్కడ లైసెన్సు నిబంధనల వల్ల 400 సీసీ ఒక పెద్ద తరగతి. 1980లలో కంపెనీలన్నీ ఆ తరగతిని రేసు బండ్ల నకళ్లతో నింపేశాయి. వాళ్లలో వాళ్లు పెట్టుకున్న 59 హార్స్‌పవర్ గీతను అన్నీ ముట్టుకున్నాయి, ఒంటి మీద ప్లాస్టిక్ కవచాలు వేసుకున్నాయి, నడిపేవాణ్ని ట్యాంకు మీద బోర్లా పడుకోబెట్టాయి. 1989లో కవాసాకీ 46 హార్స్‌పవర్‌తో జెఫైర్ 400 దించింది. కవచం లేదు, గాలితో చల్లబడే ఇంజిన్, నిటారుగా కూర్చునే సీటు. కాగితం మీద ఓడిపోవాల్సిన బండి బజారులో గెలిచింది, మిగతా కంపెనీలు దాని దారి పట్టాయి. ఒక తరగతి మొత్తం వేగం పిచ్చిలో పడినప్పుడు, రోజూ ఆఫీసుకు పోయే మనిషి తనకు సరిపడే బండి కోసం వెనక్కి చూస్తాడు. అతనికి కావలసింది గడిచిన కాలం కాదు, నడుం నొప్పి లేని ప్రయాణం.

ఇక్కడే సీటు సంగతి వస్తుంది. మన రోడ్ల మీద మోటార్‌సైకిల్ ఒంటరి మనిషి వాహనం కాదు. భార్యాభర్తలు, మధ్యలో పిల్లవాడు, లేదా వెనక అమ్మ, ఆమె ఒళ్లో కూరగాయల సంచి. చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. వెనక కూర్చునేవారికి చేతితో పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. మనం శారీ గార్డు అనేది దాన్నే. ఇప్పుడు ఒక మోడర్న్ నేకెడ్ (కవచం లేని) బండిని పక్కనుంచి చూడండి. ముందు సీటు కంటే వెనక సీటు జానెడు ఎత్తులో, అరచేయి మందాన, ముందుకు వాలుగా ఉంటుంది. ఫుట్‌రెస్టులు పైకి ఉండటంతో మోకాళ్లు పొట్ట దగ్గరికొస్తాయి. బ్రేకు వేసినప్పుడల్లా వెనక మనిషి ముందుకు జారుతుంది. దానికి శారీ గార్డు బిగిస్తే చట్టం కోసం తగిలించిన ఇనుప తడికలా వేలాడుతుంది తప్ప బండిలో కలవదు. రెట్రో బండి గీతలు గీసింది వెనక మనిషి కూడా మనిషేనని అనుకున్న రోజుల్లో. అందుకే సీటు వెడల్పుగా, మట్టంగా, నేలకు అందేలా ఉంటుంది. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాట పెళ్లి బరాతుల్లో ఊరూరా మోగిపోయింది. అందులో ఆడపిల్ల మురిసిపోయేది బండి ఎంత వేగంగా పోతుందనా? కాదు, దాని మీద అతని వెనక ఎక్కి వస్తాననే. బండి అమ్మేవాళ్లకంటే ఆ పాటకే సీటు విలువ బాగా తెలుసు.

సీటు తర్వాత ఇంజిన్. క్లాసిక్ 350 బలం 20.2 బీహెచ్‌పీ, టార్క్ 27 న్యూటన్ మీటర్లు, అదీ 4000 ఆర్‌పీఎం దగ్గరే. హోండా హైనెస్ సీబీ350 అయితే 30 న్యూటన్ మీటర్లు 3000 దగ్గరే ఇచ్చేస్తుంది. స్పీడ్ 400 బలం 40 హార్స్‌పవర్‌కు దగ్గర, టార్క్ 37.5, కానీ అది పూర్తిగా అందేది 6500 దగ్గర. అంకెలు పక్కపక్కన పెడితే మోడర్న్ ఇంజిన్ గెలిచినట్టే. అయితే ఆ బలం ఎక్కడ దొరుకుతుందన్నది అంకె కంటే ముఖ్యం. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లికి సాయంత్రం ఆరున్నరకు పోయేవాడి బండి 6500 దాకా ఎన్నిసార్లు పోతుంది? బరువైన ఫ్లైవీలుతో నిదానంగా తిరిగే ఇంజిన్, మూడో గేరులో నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో కూడా దగ్గకుండా లాగుతుంది. గేరు మార్చాల్సిన పని సగం తగ్గుతుంది. 2023లో హీరోతో కలిసి హార్లే డేవిడ్‌సన్ తెచ్చిన ఎక్స్ 440 కూడా ఈ దారినే ఎంచుకుంది. 440 సీసీ ఉన్నా బలం 27 బీహెచ్‌పీ, టార్క్ 38, అదీ 4000 దగ్గరే. పైగా చట్టం గీసిన గీత ఒకటుంది. 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం ప్రకారం నాలుగు వరసల రహదారి మీదైనా, ఎక్స్‌ప్రెస్‌వే మీదైనా మోటార్‌సైకిల్ 80 కిలోమీటర్లు దాటకూడదు, ఊళ్లలో 60. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాన్ని అసలు రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి. 45 హార్స్‌పవర్ కొన్నవాడు అందులో చాలా భాగానికి డబ్బు కట్టి, దాన్ని వాడుకునే చోటు లేక దాచుకుంటున్నాడన్నమాట.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. బలం వేగానికి కాదు, ఓవర్‌టేక్‌కు అంటారు అనుభవం ఉన్న రైడర్లు. నిజమే. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, 2023లో వచ్చిన స్పీడ్ 400 బరువు 176. ఇద్దరు మనుషుల బరువు 140 కిలోలు కలపండి. క్లాసిక్‌లో ఒక్కో హార్స్‌పవర్ దాదాపు 16.5 కిలోలు మోయాలి, స్పీడ్‌లో 8 కిలోలు. అంటే 60 నుంచి 80కి చేరడానికి మొదటిదానికి రెండోదానికంటే ఇంచుమించు రెట్టింపు సమయం కావాలి. రెండు వరసల రోడ్డు మీద చెరకు ట్రాక్టరునో ఆర్టీసీ బస్సునో దాటేటప్పుడు 70 వేగంలో ఉన్న బండి సెకనుకు 19 మీటర్లు పోతుంది, ఎదురొచ్చే లారీ కూడా ఇంచుమించు అంతే దూరం మనవైపు వస్తుంది. నాలుగు సెకన్లు ఆలస్యమైతే రెండింటి మధ్య ఖాళీ 150 మీటర్లు కరిగిపోతుంది. ఈ లెక్క ముందు జ్ఞాపకాలు, పాటలు ఏవీ నిలవవు. వారానికి రెండుసార్లు నల్లమల మీదుగా శ్రీశైలం వైపో, రాష్ట్ర రహదారుల మీద మండలాల మధ్యో తిరిగేవాడికి 20 హార్స్‌పవర్ చాలదని ఒప్పుకోవాల్సిందే. అయితే ఈ అభ్యంతరం ఓడిస్తున్నది చిన్న ఇంజిన్‌ను, పాత రూపాన్ని కాదు. 2023లో వచ్చిన స్పీడ్ 400 సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు, క్లాసిక్‌ది 805. బలమైన ఇంజిన్, పొట్టి మనిషి కాళ్లు నేలకు ఆనే సీటు ఒకే బండిలో ఉండగలవని అది రుజువు చేసింది. మిడత ఒళ్లు అక్కర్లేకుండానే.

ఇంకో మాట తరచూ వినబడుతుంది: గట్టిగా తిరిగే ఇంజిన్ తొందరగా అరిగిపోతుంది, నిదానంగా తిరిగేది తరాలు నడుస్తుంది. చెవికి నిజంలా అనిపించే ఈ మాట లెక్కకు నిలబడదు. పిస్టన్ అరుగుదల ఆర్‌పీఎం ఒక్కదాన్ని బట్టే ఉండదు, ఒక్కో చుట్టుకు అది ఎంత దూరం ఎగిరి దిగుతుందన్నది కూడా చూడాలి. క్లాసిక్ స్ట్రోకు 85.8 మిల్లీమీటర్లు, పూర్తి బలం 6100 ఆర్‌పీఎం దగ్గర. అప్పుడు పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.4 మీటర్లు. స్పీడ్ 400 స్ట్రోకు 64, పూర్తి బలం 8000 దగ్గర. దాని పిస్టన్ వేగం సెకనుకు 17.1 మీటర్లు. నిదానస్తుడి పిస్టనే ఒక అడుగు ముందుంది! చెవి విన్నది వేరు, లోహం అనుభవించేది వేరు. ఇంజిన్ ఆయుష్షు ఆయిలు మార్చే శ్రద్ధ మీద, చల్లబరిచే ఏర్పాటు మీద ఆధారపడుతుంది, సైలెన్సరు పాడే రాగం మీద కాదు.  ‘బుల్లెట్‌ను ఏ ఊళ్లో మెకానిక్కైనా బాగుచేస్తాడు’ అన్న నమ్మకానికి కూడా కాలం చెల్లింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక ఈ తరగతి బండ్లన్నీ సెన్సర్ల మీద, కంప్యూటరు మీద నడుస్తున్నాయి. వార్నింగ్ లైటు వెలిగితే స్పానరు కంటే ముందు స్కానరు కావాలి. రెట్రో బండికి ఇవాళ ఉన్న అసలు అండ ఊరి మెకానిక్ కాదు. జిల్లా కేంద్రాల్లో, చాలా పట్టణాల్లో దొరికే కంపెనీ సర్వీసు, విడిభాగాలు తొందరగా తెప్పించగల దుకాణాలు. ఆ లెక్కలో ఎన్‌ఫీల్డ్‌కు పోటీ తక్కువ.

రెట్రో రూపం మనిషిని నిజంగా దెబ్బతీసే చోటు ఒకటుంది, దాని గురించి షోరూములో ఎవరూ మాట్లాడరు. అది చక్రం. ఊచల చక్రం అందంగా ఉంటుంది, దాని లోపల మామూలుగా ట్యూబు ఉంటుంది. సూర్యాపేట దాటాక రాత్రి ఎనిమిదింటికి వెనక టైరులో మేకు దిగిందనుకోండి. ట్యూబ్‌లెస్ టైరైతే మేకు పీకి, రంధ్రాన్ని సూదిలాంటి ఆకురాయితో గీకి, జిగురు పూసిన పురికొస లోపలికి గుచ్చి, గాలి కొట్టుకుని పది నిమిషాల్లో బయలుదేరొచ్చు. అసలు మేకు పీకకుండానే మెల్లగా ఊరు చేరిపోవచ్చు కూడా. ట్యూబు టైరైతే గాలి ఒక్కసారిగా పోతుంది, 195 కిలోల బండి వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. ఎలాగో ఆపాక యాక్సిల్ నట్టు విప్పాలి, గొలుసు తప్పించాలి, చక్రం బయటికి లాగాలి, పట్టీలతో టైరు అంచు లేపి ట్యూబు తీయాలి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వెతకాలి. ఆ తొట్టి ఉన్న పంక్చరు షాపు దాకా బండిని తోయాలి, వెనక మనిషి పక్కన నడవాలి. ఒక్క మేకు చాలు, రెట్రో మోజు దించడానికి. క్లాసిక్‌లో అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్న రకాలు దొరుకుతాయి, హైనెస్ అయితే వాటితోనే వస్తుంది. ‘పాత లుక్కు పోతుంది’ అని అల్లాయ్ చక్రాలను వద్దనేవాళ్లు ఉన్నారు. వేషం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడమంటే ఇదే.

భద్రతలో మోడర్న్ బండిదే పైచేయి అన్న మాటలో సగం నిజముంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి బండికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి అక్కడ తేడా పెద్దగా లేదు. కాకపోతే ముందు చక్రానికి మాత్రమే పనిచేసే సింగిల్ ఛానెల్ కూడా చట్టానికి సరిపోతుంది, కొనేటప్పుడు డ్యూయల్ ఛానెలేనా అని అడిగి తేల్చుకోవాలి. ఇసుక మీద, తడి రోడ్డు మీద వెనక చక్రం గిర్రున తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ హైనెస్‌లో 2020 నుంచే ఉంది, స్పీడ్ 400లోనూ ఉంది. 390 డ్యూక్ ఒక మెట్టు పైన ఉంటుంది. బండి మలుపులో వాలి ఉన్నప్పుడు కూడా సరిగ్గా పనిచేసే ఏబీఎస్, 168 కిలోల ఒళ్లు, చెప్పినట్టు వినే స్టీరింగు. ఒంటరిగా ఘాట్ రోడ్డు మీద మలుపుల్ని ఇష్టపడేవాడికి దానికి సాటి దొరకడం కష్టం. ఆ మనిషికి రెట్రో బండి అంటగట్టడం అన్యాయం. కానీ తన జీవితంలో అలాంటి ప్రయాణాలు ఎన్నో అతను నిజాయితీగా లెక్కపెట్టుకోవాలి. ఏడాదికి రెండుసార్లు లంబసింగి వెళ్లడం కోసం మిగతా 363 రోజులు మడిచిన మోకాళ్లతో ఆఫీసుకు పోవడం లాభసాటి బేరం కాదు.

డబ్బు లెక్క ఈ మధ్యే మారిపోయింది. 2025 సెప్టెంబరు 22 దాకా 350 సీసీ లోపు బండి మీద జీఎస్టీ 28 శాతం, దాటితే సెస్సుతో కలిపి 31. తేడా మూడు శాతమే. ఆ రోజు నుంచి 350 లోపు 18 శాతం, పైన 40 శాతం. పన్ను లేకుండా రెండు లక్షల ఖరీదుండే బండి 349 సీసీ అయితే 2.36 లక్షలు, 398 అయితే 2.80 లక్షలు. మధ్యలో 44 వేలు. కంపెనీ తన లాభం తగ్గించుకుని కొంత భారం మోయొచ్చు, ఎంతకాలం మోస్తుందన్నది దాని ఇష్టం. దానిమీద మన రాష్ట్రాల్లో జీవితకాల పన్ను కూడా ధర మీద శాతం లెక్కనే కాబట్టి ఆ తేడా ఇంకొంచెం పెరుగుతుంది. జపాన్‌లో లైసెన్సు గీసిన గీత 400 తరగతిని పుట్టించినట్టే, మన దగ్గర పన్ను గీసిన గీత 350 తరగతిని కోటలా నిలబెట్టింది. క్లాసిక్ 349, హైనెస్ 348, రెండూ ఆ గీతకు ఇవతలే ఉన్నాయి. ఇది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, కొనేవాడి జేబుకు మాత్రం ఇది వాస్తవం.

కనుక ఎవరికి ఏది? సిటీ ట్రాఫిక్, వారాంతంలో నాలుగు వరసల రోడ్డు మీద సొంతూరు, వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు: ఇదీ బతుకైతే 350 సీసీ రెట్రో సరిపోతుంది, అల్లాయ్ చక్రాలు, డ్యూయల్ ఛానెల్ ఏబీఎస్ ఉన్న రకం తీసుకోవాలి. బండి నిలిపే చోటు వాలుగా ఉన్నా, తోసే ఓపిక తక్కువైనా 195 కిలోల క్లాసిక్ కంటే 181 కిలోల హైనెస్ నయం. రెండు వరసల రోడ్ల మీద దూరాలు తిరిగేవాళ్లు 44 వేల తేడాను బలానికి కట్టే ధర అనుకుని, నిటారుగా కూర్చోబెట్టే 400 తీసుకోవడం తెలివైన పని. ఒంటరిగా తిరిగేవాడికి, మలుపులంటే ప్రాణం పెట్టేవాడికి మొనదేలిన బండి ఉండనే ఉంది.

ఏదైనా సరే, టెస్ట్ రైడ్‌కు ఒక్కరే వెళ్లకండి. మీ వెనక రోజూ కూర్చునే మనిషిని తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఎండలో, సిగ్నళ్లున్న దారిలో ఇరవై నిమిషాలు నడిపి, దిగాక ముందు వాళ్లను అడగండి.